ఇనుప చిట్టెం నడుమ నాణెం

భద్రాచలం వద్ద గోదావరి దాదాపు నూరేండ్లపాటు రెండు నాణేలకు సరిహద్దుగా ఉండినది. 1860లో జరిగిన ఒడంబడిక ప్రకారం నిజాం ప్రభువు నదికి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి మొదలైన తాలూకాలను ఆంగ్లేయులకు వదలుకొన్నాడు. అవి మొదట మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేరి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినవి. కుడి గట్టున పాల్వంచ, ఖమ్మం ప్రాంతాలు నిజాం రాజ్యంలోనే నిలిచిపోయినవి. పడవ ఎక్కి ఏరు దాటిన బాటసారి షరాబు అంగడి వెతుకుకోవలసినదే. ఈ గట్టున చెల్లేది హాలీ సిక్కా. ఆ గట్టున చెల్లేది కల్దారు రూపాయి.

నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా సరి అని మారకపు రేటు. వింతగా కనిపించే ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చినదో విద్యార్థులే లెక్క కట్టి చూడవచ్చు. కల్దారు రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 పాళ్ళు, అంటే 10.69 గ్రాములు. 1903-04 నుంచి చార్మినారు బొమ్మతో వెలువడిన హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్ళు, అంటే 9.14 గ్రాములు. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 1.17 వస్తుంది. మారకపు రేటు ఆరింట ఏడు, అనగా 1.167. షరాబు త్రాసు చెప్పినదే సర్కారు కాగితమూ చెప్పినది. హాలీ సిక్కా 1950 నుంచి భారత రూపాయితో కలిసి చెలామణి అయి, 1959లో రద్దయినది. భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసినది కూడ ఆ 1959లోనే.

ఇటువంటి సరిహద్దున, పాత రేవుల వద్ద, సంతలు సాగిన చోట్ల, బండ్ల బాటల వెంట నేలలో నాణేలు పడి ఉండడం సహజం. పైగా ఈ సీమకు ఒక పెద్ద నాణేల కథ ఉన్నది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారై, వసూలైన పైకంతో భద్రాచలంలో రామాలయం కట్టించి, గోలకొండలో బందీ అయినాడు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మాడలు తానీషా ముందు కుమ్మరించి అతన్ని విడిపించినారని భక్తుల నమ్మకం. తానీషా అనగా అబుల్ హసన్ కుతుబ్‌షా. 1672 నుంచి గోలకొండ 1687లో మొగలుల వశమయ్యేవరకు ఏలినవాడు. ఆ మాడల పేరు చెప్పి నేటికీ రామటంకాలు అమ్మేవారున్నారు. నాణెశాస్త్రజ్ఞుల దృష్టిలో రామటంకం చెలామణికి పోసిన నాణెం కాదు. యాత్రికులు పూజలో పెట్టుకొనేందుకు దేశమంతటా అనేక కాలాల్లో చేసిన బిళ్ళ. కథ మీది భక్తికి ఇందులో లోపమేమీ లేదు. కాని ఆ కథనే ఆధారం చేసుకొని పాత దిబ్బల మీద రాత్రివేళ పలుగు వేసేవారి సంగతి వేరు. గుప్తనిధుల తవ్వకాల వార్తలు తెలుగు పత్రికల్లో నేడు మామూలైపోయినవి. పూర్వం అంజనం వేసేవాడు ఉండినచోట ఇప్పుడు మెటల్ డిటెక్టరు అనే లోహశోధకం వచ్చినది.

ఆ యంత్రానికి నిజంగా తెలిసేది ఎంత?

దాని మూలసూత్రం 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. తీగచుట్టలో క్షణక్షణమూ దిశ మారే విద్యుత్తును పంపితే చుట్టూ మారే అయస్కాంతక్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో లోహపు ముక్క ఉంటే అందులో నీటి సుడుల వంటి ప్రవాహాలు పుడతాయి. ఆ సుడి ప్రవాహాలు తమ వంతుగా ఒక చిన్న అయస్కాంతక్షేత్రాన్ని కలిగిస్తాయి. రెండవ తీగచుట్ట ఒకటి పెట్టి దానిని పట్టుకొంటే, కంటికి కనపడని లోహం ఉనికి తెలుస్తుంది. డేవిడ్ హ్యూస్ 1879లో ఈ పద్ధతిపై ప్రేరణ తులను రూపొందించి లోహాల తేడాలను వినికిడితో గుర్తించవచ్చునని చూపినాడు.

రెండేండ్ల తరువాత దానికి కఠినమైన పరీక్ష వచ్చినది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును ఒక దుండగుడు తుపాకితో కాల్చినాడు. గుండు శరీరంలో ఎక్కడ ఉన్నదో వైద్యులకు అంతుపట్టలేదు. ఎక్స్ కిరణాలు ఇంకా తెలియని రోజులు. టెలిఫోను నిర్మాత గ్రాహంబెల్ ప్రేరణ తులను బాగుపరచి, టెలిఫోను గొట్టం చెవికి ఆనించుకొని రోగి దేహం మీదుగా వెతికినాడు. ప్రయోగశాలలో చక్కగా పనిచేసిన యంత్రం అక్కడ ఒకచోట అని కాక విశాలమైన మేర అంతటా సన్నని చప్పుడు చేసినది. విచారించగా పరుపు కింద ఉక్కు తీగల పరుపు మరొకటి ఉన్నదని తేలినది. అదీగాక, ప్రధాన వైద్యుడు కుడివైపునే వెతకనిచ్చినాడు; గుండు ఎడమవైపున ఉండినది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డు మరణించినాడు.

లోహశోధకం చరిత్రలో మొదటి పెద్ద వైఫల్యానికి కారణం ఇనుప చెత్త అన్నమాట. ఆ చిక్కు నేటికీ పూర్తిగా తీరలేదు. 1937లో గెర్హార్డ్ ఫిషర్ అమెరికాలో పేటెంటు పొందిన శోధకం భూమిలోని ఖనిజాలను, గొట్టాలను వెతకడానికి ఉపయోగపడినది. రెండవ ప్రపంచ యుద్ధంలో పోలెండు సైనికాధికారి కొసాచ్‌కి రూపొందించిన మందుపాతరల శోధకాలు 1942లో ఎల్ అలమెయిన్ వద్ద ఎడారిలో సేనలకు దారి చూపినవి. యుద్ధానంతరం మిగిలిపోయిన అటువంటి యంత్రాలతోనే పశ్చిమదేశాల్లో నాణేల వేట వినోదంగా మొదలైనది. భద్రాచలం అడవుల వారికి ఈ పరికరం పరిచయమైనది కూడ మందుపాతరల కోసం రోడ్లు తనిఖీచేసే పోలీసు దళాల చేతుల్లోనే. పేలుడు మందు కోసం చేసిన యంత్రానికి ప్రతి మేకూ అనుమానాస్పదమే. నాణెం వెతికేవాడికి అదే మేకు అడ్డంకి.

ఇప్పుడు ఈ అడవి నేలను చూద్దాం. బయ్యారం పరిసరాల్లో ఇనుప ఖనిజం ఉన్నదని అందరికీ తెలుసు. బొగ్గుకు అడవి, ఖనిజానికి గుట్ట, కడగడానికి వాగు ఉన్నచోట తెలంగాణ కమ్మరులు అనేక శతాబ్దాలు ఇనుము తీసినారు. మట్టితో కట్టిన కొలిమిలో ఖనిజాన్ని బొగ్గుతో కలిపి తిత్తులు ఊదితే వేడి 1200 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ చేరుతుంది. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి. కనుక అది కరగక మెత్తని ముద్దగా కొలిమిలో మిగులుతుంది. ఖనిజంలోని ఇసుక కొంత ఇనుప ఆక్సైడుతో కలిసి కరిగి బయటికి కారి గడ్డకడుతుంది. అదే చిట్టెం. పనికిరానిదని కొలిమి పక్కనే పారబోసేవారు. వైద్యులు మాత్రం దీనిని మండూరమని పిలిచి మందుల్లో వాడినారు; చిట్టెం ఎంత పాతదైతే అంత మంచిదనీ, నూరేండ్లు దాటినది ఉత్తమమనీ వారి నియమం.

చిట్టెం గడ్డల్లో అయస్కాంత గుణమున్న ఆక్సైడు ఉంటుంది. చిక్కుకొన్న ఇనుప తునకలూ ఉంటాయి. అటువంటి దిబ్బ మీద శోధకాన్ని ఆడిస్తే అది ఊపిరాడకుండా మోగుతుంది. దానికి తోడు బండి చక్రాల కమ్ములు, ఎడ్ల నాడాలు, గుమ్మాల మేకులు. నేటి పొరలో సీసా మూతలు, గుట్కా పొట్లాల రేకులు.

ఇనుమును వేరుచేయడానికి ఇంజనీర్లు ఒక ఉపాయం కనిపెట్టినారు. లోహంలో పుట్టే సుడి ప్రవాహం పంపిన తరంగానికి కొంత వెనుకపడి సాగుతుంది. ఆ వెనుకబాటు ఎంతన్నది లోహపు విద్యుద్వాహకతను, ముక్క మందాన్ని, ఆకారాన్ని బట్టి ఉంటుంది. వెండి, రాగి మంచి వాహకాలు. అవి ఒక తీరున బదులిస్తాయి. ఇనుము అయస్కాంత పదార్థం కూడ కావడంవల్ల వేరొక తీరున బదులిస్తుంది. ఈ తేడా ఆధారంగా ఇనుముకు మౌనంగా ఉండి, తక్కినవాటికి మోగేటట్లు యంత్రాన్ని అమర్చవచ్చు. వినడానికి చిక్కు తీరిపోయినట్లే ఉన్నది. కాని నాణెం పక్కనే మేకు ఉంటే రెండింటి సంకేతాలూ కలిసిపోయి, మేకు బలం వల్ల నాణెం మరుగునపడుతుంది. తీగచుట్టను చిన్నదిగా చేస్తే ఒక్కొక్కదాన్ని విడిగా చూడవచ్చు. అప్పుడు లోతు తగ్గుతుంది. లోతు విషయంలో ప్రకృతి బహు పిసినారి. చుట్ట పరిమాణంకంటె దూరాన ఉన్న చిన్న వస్తువును తాకే క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. తిరిగివచ్చే క్షేత్రమూ అంతే. రెండూ కలిస్తే ఆరవ ఘాతం. లోతు రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. అందుచేతనే ఒంటరి నాణెం జానెడు లోతుకు మించి దొరకడం అరుదు. బారెడు లోతులో ఉన్న ఒంటి కాసును చూపే యంత్రమని అమ్మేవాడు ఆరవ ఘాతాన్ని దాటి వచ్చినవాడై ఉండాలి.

మన నాణేల సంగతి వేరే ఉన్నది. శాతవాహనులు సీసంతోను, రాగి, తగరం, సీసం కలిపిన పోటిన్ అనే మిశ్రమంతోను విరివిగా నాణేలు వేసినారు. సీసపు వాహకత రాగిలో నూటికి ఎనిమిది పాళ్ళ ప్రాంతం. కనుక చిన్న సీసపు నాణెం ఇచ్చే బదులు వెండి రూపాయి బదులుకంటె గుట్కా రేకు బదులుకే దగ్గరగా ఉండవచ్చు. రేకులు వద్దని యంత్రాన్ని అమర్చుకొన్నవాడు రెండువేల ఏండ్ల నాణెం మీదుగా నడిచిపోతాడు. పల్చని బంగారు బిళ్ళకూ ఇదే గతి.

అంతకంటె ఆశ్చర్యమైనవి విష్ణుకుండినుల నాణేలు. సుమారు అయిదవ శతాబ్దం నుంచి ఏడవ శతాబ్దపు మొదటిభాగం వరకు తెలుగునాట ఏలిన ఈ రాజుల నాణేలు కీసరగుట్ట, ఏలేశ్వరం తవ్వకాల్లో దొరికినవి. ఒకవైపు సింహం, రెండవవైపు దీపపు సెమ్మెల నడుమ కలశం. వీటిలో లోపలి బిళ్ళ ఇనుము. పైన రాగి పూత. రాగి కొరత పడి, ఇంటింటా దొరికే ఇనుమును వాడుకొన్నారని అనుకోవడం న్యాయంగా తోస్తుంది. నేడు ఐరోపాలో చెల్లే 1, 2, 5 సెంట్ల నాణేలు కూడ రాగి కప్పిన ఉక్కే. బ్రిటనులో పెన్నీ 1992 నుంచి అట్లాగే వస్తున్నది. పదునాలుగు వందల ఏండ్లకు పైగా ముందే ఆ పొదుపు మనవారికి తెలుసు. కాని ఇనుమూ రాగీ ఒకదానికొకటి తాకి తేమలో ఉంటే ఒక చిన్న విద్యుద్ఘటం తయారవుతుంది. అందులో క్షయమయ్యేది ఇనుమే. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలి నుంచి ఉబ్బి రాగి పొరను పగులదీస్తుంది. చివరకు మిగిలేది గుండ్రని తుప్పు బిళ్ళ. ఇనుమును వదిలేయమని చెప్పిన యంత్రం దీనికి మోగదు. మోగినా, తవ్వినవాడు మేకు తల అనుకొని విసిరేస్తాడు. విసిరేయదగిన చెత్త ఏదో, నాణెం ఏదో చెప్పే జ్ఞానం తీగచుట్టలో లేదు.

అసలు నాణెమే ఉండని చోట నాణెం కోసం తవ్వడం ఇంకా విచారకరం. పినపాక మండలంలోని జానంపేట వద్దనూ, ఆ అడవుల్లో మరికొన్ని చోట్లా పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన ఇనుపయుగపు సమాధులున్నవి. జనం వాటిని రాకాసి గుళ్ళంటారు. జానంపేటవి కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నవి. ఈ సమాధుల ఆచారం ప్రధానంగా క్రీస్తుపూర్వపు చివరి సహస్రాబ్దిది. దక్కనులో నాణేల వాడుక ఆ సహస్రాబ్ది చివరి శతాబ్దాల్లోగాని బలపడలేదు. పలక పగులగొట్టి లోపల చూసినవాడికి కనబడేవి ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. బంగారం లేదన్న కోపంతో కుండలు చితకగొట్టి పోతే, ఆ మనుషుల గురించి తెలుసుకొనే అవకాశం అక్కడితో ఆఖరు.

నాణెం దొరికిన చోటుకు అంత విలువ ఎందుకంటే, నేల పొరలుపొరలుగా పేరుకొంటుంది. కదలని ఒక పొరలో ఒక రాజు నాణెం ఉంటే, ఆ పొర ఆ రాజు కంటె ముందుది కాజాలదు. దానితోపాటు ఉన్న కుండపెంకుకు, పూసకు, ఇటుకకు కాలం చెప్పవచ్చు. ఇదే పద్ధతిని చిట్టెం దిబ్బకు పట్టించి చూడండి. చిట్టెం గడ్డలో తరచు బొగ్గు తునక ఇరుక్కొని ఉంటుంది. బొగ్గులోని రేడియో కార్బను 5730 ఏండ్లకు సగమవుతుందన్న నియమాన్ని బట్టి ఆ కొలిమికి కట్టెలు కొట్టిన కాలం లెక్కకట్టవచ్చు. రాజు పేరు రాని కమ్మరికి అదే శాసనం. నాణెం కోసం గొయ్యి తీసి చిట్టెం చెల్లాచెదురు చేసినప్పుడు పోయేది నాణెం ఒక్కటే అయితే అంత బాధ లేదు. దాని చుట్టూ ఉన్న నూరు సాక్ష్యాల వరుస చెడిపోతుంది.

అట్లని యంత్రం చెడ్డదనడం పొరపాటు. అమెరికాలో 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం జరిగిన మైదానంలో 1983లో గడ్డి తగలబడి నేల బయటపడినది. మరుసటి ఏడు డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే శాస్త్రజ్ఞులు శోధకాలు పట్టిన వాలంటీర్లను వరుసగా నడిపించి, మోగిన ప్రతిచోటా జెండా పాతి, ప్రతి తూటా తొడుగు ఏ చోట ఏ దిశలో పడి ఉన్నదో పటంలో ఎక్కించినారు. ఆ పటం నుంచి ఏ తుపాకి ఎక్కడి నుంచి ఎక్కడికి కదలినదో తెలిసినది. ఇనుము వద్దని వారు యంత్రాన్ని అమర్చలేదు. చెత్తే వారికి కావలసినది.

1992లో ఇంగ్లండులోని హాక్స్నే గ్రామంలో ఎరిక్ లాస్ అనే వృద్ధుడు ఒక రైతు పొలంలో పారేసుకొన్న సుత్తి కోసం శోధకంతో వెతుకుతుండగా రోమను నాణేలు బయటపడినవి. ఆయన కొద్దిగా చూచి, మిగతాది ముట్టక అధికారులకు కబురు చేసినాడు. పురావస్తుశాఖవారు వచ్చి శ్రద్ధగా తవ్వగా పదునైదువేలకు దగ్గరగా బంగారు, వెండి నాణేలేకాక, అవి సర్ది పెట్టిన కొయ్యపెట్టె ఆనవాళ్ళు కూడ దొరికినవి. కొయ్య నశించినా దాని బందులు, తాళాలు ఉన్నచోటనే ఉండడంవల్ల పెట్టె కొలతలు తెలిసినవి. ఆయన వెతికిన సుత్తి కూడ దొరికి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.

మనదేశంలో 1878 నాటి గుప్తధన చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరుకు తెలుపడం దొరికినవారి విధి. తెలిపినవారికి వాటా ఉన్నది. ప్రభుత్వం తీసుకొంటే లోహపు విలువమీద అయిదవ వంతు కలిపి ఇవ్వాలన్న నియమమూ ఉన్నది. దాచినవారికి వాటా పోవడమేగాక జైలుశిక్ష. 1958 చట్టం ప్రకారం రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకం నేరం. నూరేండ్లు దాటిన నాణెం 1972 చట్టం దృష్టిలో పురావస్తువు. దానిని దేశం దాటించరాదు.

నేలకొండపల్లిలో మట్టికోట చుట్టిన దిబ్బ సుమారు నూరెకరాలు. విరాటరాజు కొలువు అక్కడే ఉండినదని స్థానికుల నమ్మకం. పురావస్తుశాఖవారు తవ్వించినప్పుడు బయటపడినవి మహాస్తూపం, విహారాల పునాదులు, బావులు, నీటితొట్లు, కంచు బుద్ధవిగ్రహం, చలువరాతిలో చెక్కిన చిన్న స్తూపం. ఇవి క్రీస్తుశకం మూడు నాలుగు శతాబ్దాలకు చెందినవని నిర్ణయించినారు. అటువంటి ఊళ్ళ పొలాల్లో దుక్కి తరువాత, తొలకరి వాన తరువాత నాణేలు నేలపైకి తేలుతాయి. కరీంనగర్ సీమలో కోటిలింగాల వద్ద శాతవాహన వంశానికి ఆద్యుడైన చిముకుని నాణేలు మొదట అట్లా మట్టిపైన ఏరుకొన్నవే. వాటిని పరబ్రహ్మశాస్త్రిగారు చదివి నిర్ణయించిన తరువాత తెలంగాణలో శాతవాహనుల ఆరంభం గురించిన చర్చే కొత్త దారి పట్టినది. అక్కడ ఏ యంత్రమూ లేదు. ఏరినవారికి తాము ఏరిన చోటు జ్ఞాపకమున్నది.

పిల్లలు ఇటువంటి నాణెం బడికి తెచ్చినప్పుడు ఉపాధ్యాయులు చేయదగినది ఏమంటే, ఏ పొలంలో, ఏ గట్టుకు ఎన్ని అడుగుల్లో, ఎంత లోతున, వేటితో కలిసి దొరికినదో ఆ రోజే కాగితం మీద వ్రాయించడం; ఒక చిన్న పటం గీయించడం; ప్రధానోపాధ్యాయుని ద్వారా తహసీల్దారుకు, పురావస్తుశాఖకు తెలియజేయడం. బొమ్మ తేటగా కనపడాలని చింతపండుతో తోమడం మన ఇండ్లలో మొదటి పని. చింతపండు పులుపు రాగి మీది పచ్చని మైలను కరిగిస్తుంది. శతాబ్దాల కింద దెబ్బతిన్న రాగి పూతలో చాలా చోట్ల ఆ మైలే మిగిలి ఉంటుంది. సింహం ఉండేది అందులోనే. విష్ణుకుండిన నాణేన్ని అట్లా తోమితే చేతిలో మిగిలేది తుప్పు బిళ్ళ.